బోదకాలు: సబ్బు, నీరు, శ్రద్ధ

కోస్తా జిల్లాలవారికిని, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములవారికిని బోదకాలు చిరపరిచితమైన వ్యాధి. దీనికి మూలము క్యూలెక్స్ దోమ కాటు మూలమున దేహమున జొచ్చు వూచెరేరియా బాంక్రాఫ్టి యను దారమువంటి పురుగు. ఆ పురుగు పిల్లలు దోమ శరీరమందు ఎదుగుచుండుటను 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణమున పాట్రిక్ మాన్సన్ కనుగొనెను. పురుగు సంగతి తెలిసి ఇంతకాలమైనను, వాచిన కాలి సంగతి మనవారికి నేటికిని సరిగా తెలియకపోవుట విచారకరము.

రక్తనాళములనుండి ఊరి కణముల నడుమ జేరు ద్రవములో కొంత భాగము శోషరసమను పేర సన్నని నాళముల వెంట పైకెక్కి, మెడ మొదట మరల రక్తమున గలియును. ఈ రసమును నడపుటకు గుండెవంటి యంత్రము వేరొకటి లేదు. నాళముల సంకోచము, కండరముల కదలికవలన గలుగు ఒత్తిడి, వెనుకకు జారనీయని కవాటములు, ఇవియే దానికాధారము. పురుగులు ఈ నాళములలో ఏండ్ల తరబడి కాపురముండి, వానిని ఉబ్బజేసి, కవాటములను చెఱచును. అంతట మాంసకృత్తులతో గూడిన రసము కాలియందే నిలిచిపోవును.

అయితే, పురుగులు చచ్చిన పిమ్మటను కాలు ఏటేట లావెక్కుటకు ముఖ్యకారణము బాక్టీరియా. రసము కదలనిచోట రోగనిరోధకశక్తి క్షీణించును; వ్రేళ్ళ సందులు తడికి పాసిపోయి, తెల్లబడి, చీలినచో ఆ చీలికయే సూక్ష్మజీవులకు వాకిలి యగును. గజ్జలో బిళ్ళ కట్టి, వణకుతో జ్వరము వచ్చి, కాలు ఎఱ్ఱనై మండుట ఇందువలననే. అట్టి జ్వరము వచ్చి పోయిన ప్రతిసారియు చర్మము మఱికొంత దళసరియై గట్టిపడును. 1990వ దశకమున బ్రెజిల్ దేశపు రెసీఫె నగరమున గెరుసా ద్రేయర్ అను వైద్యురాలు రోగులకు కాలు కడుగుకొను పద్ధతిని శ్రద్ధగా నేర్పి, ఈ జ్వరములు తగ్గునని చూపెను.

ఆ పద్ధతి కష్టమైనది కాదు. ప్రతిదినము, వీలైన రెండుమారులు, కాలిని చల్లని లేక గోరువెచ్చని శుభ్రజలముతో తడిపి, సబ్బును చేతికి రాచుకొని, మోకాలినుండి పాదమువఱకు, చర్మపు మడతలలోను వ్రేళ్ళ నడుమను మృదువుగా రుద్దవలెను. రాయితోగాని పీచుతోగాని తోమరాదు. సబ్బు పూర్తిగా పోవునట్లు కడిగి, మెత్తని పాతగుడ్డతో రుద్దక అద్దవలెను. ఇక్కడనే ఎక్కువమంది తొందరపడుదురు: గుడ్డ అంచును సన్నగా మడిచి ఒక్కొక్క వ్రేలి సందునకు పోనిచ్చి, తడి లేశమును మిగులకుండ తీయవలయును. సందు పాసియున్నచో వైద్యుని సలహాపై విట్‌ఫీల్డ్ మలామువంటి బూజునాశక లేపనమును రాయవలెను. పసరులు పూయుట, వాతలు పెట్టుట కేవలము హాని.

కూర్చుండినప్పుడు కాలిని పీటపై నుంచుట, రాత్రి మంచము కాళ్ళవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టుట, కూర్చుండియే మడమలెత్తుట, చీలమండను త్రిప్పుట వాపును తగ్గించును. గుండెజబ్బు కలవారు మాత్రము కాలెత్తి పడుకొనుటకు ముందు వైద్యుని అడుగవలెను. బిగుతుగానుండని చెప్పులు లేనిదే గడప దాటరాదు. జ్వరము వచ్చిన దినములలో వ్యాయామము మాని, కాలిపై చల్లని తడిగుడ్డ వేసి, నీరు విరివిగా త్రాగి, ఆలస్యము చేయక వైద్యుని జూడవలెను. రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్సానంతరము చేయి వాచినవారికిని చర్మరక్షణ విధి ఇంచుమించు ఇదియే.

ఈ వ్యాధి తాకుటవలన అంటదు. కావున మీ యింట బోదకాలుగల పెద్దలున్నచో, వంగలేని వారి కాలిని మీరే కడుగుడు. నేటి సాయంకాలమే దీపము దగ్గరగా బెట్టి వారి వ్రేళ్ళ సందులను ఒక్కొక్కటిగా పరీక్షింపుడు.