నరాన్ని కాల్చని సూది

సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం ఫ్యాక్టరీల్లో యంత్రం కింద పడి చెయ్యి నలిగినవాళ్లలో కొందరికి గాయం మానినా మంట మానదు. చొక్కా రాసుకున్నా ఓర్చుకోలేరు. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి సూపర్‌వైజర్ నమ్మడు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లూ నమ్మరు. కానీ అది నిజమైన నొప్పే. దెబ్బతిన్న నరం తనంతట తానే నొప్పి సంకేతాలు పంపుతూ ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుల్లో సైలస్ వియర్ మిచెల్ ఇదే బాధను చూసి, 1864లో వర్ణించాడు.

ఆ నరాన్ని కోసేస్తే సరిపోదా? చేతి నరంలో స్పర్శ తెలిపే పోగులూ కండను ఆడించే పోగులూ కలిసే ఉంటాయి. కోస్తే చెయ్యి చచ్చుబడుతుంది. పైగా తెగిన కొస నుంచి కొత్త నొప్పి మొదలుకావచ్చు.

1950లలో అమెరికాలో విలియం స్వీట్ వంటి న్యూరోసర్జన్లు, బెర్నార్డ్ కాస్మన్ వంటి ఇంజినీర్లు కలిసి, నరాన్ని వేడితో కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రానికి రూపమిచ్చారు. సూదికి కొసన కొన్ని మిల్లీమీటర్లు వదిలి మిగతా అంతా ఇన్సులేషన్ ఉంటుంది. అందులోని కరెంటు సెకనుకు సుమారు 5 లక్షల సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కొస చుట్టూ కణజాలం 80 డిగ్రీల దాకా వేడెక్కి, నిమిషం, నిమిషమున్నరలో సన్న నరం కాలిపోతుంది. వెన్నుపూసల కీళ్లనొప్పికి అది బాగా పనికొచ్చింది. చేతికి, కాలికి పోయే నరాలను మాత్రం అలా కాల్చలేం.

డచ్ వైద్యుడు మెన్నో స్లైటర్ కరెంటును ముక్కలు చేశాడు. సెకనుకు రెండు పల్స్‌లు, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. మిగతా సమయమంతా సూది కొస చల్లారుతుంది, వేడి 42 డిగ్రీలు దాటదు. నొప్పిని తగ్గించేది వేడి కాదు, విద్యుత్ క్షేత్రమని ఆయన బృందం 1998లో ప్రతిపాదించింది. మెడ నుంచి చేతిలోకి దిగే నొప్పి ఉన్న 23 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. మూడు నెలల తర్వాత మిగతావారి కంటే ఈ చికిత్స పొందినవారే మెరుగ్గా ఉన్నారు. అందరికీ తగ్గదు, తగ్గినవారికీ తిరగబెట్టవచ్చు. అయినా నరం కాలిపోదు కనుక మళ్లీ చేయవచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చేది, రోగి మెలకువగా ఉండటం. ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో చూస్తూ సూది దించి, మొదట చిన్న కరెంటు ఇచ్చి, "జివ్వుమంటోందా? మీకు మండే చోటేనా?" అని డాక్టరు అడుగుతారు. ఎవరూ నమ్మని మనిషి చెప్పిన మాట మీదే సూది ఎక్కడ ఆగాలో తేలుతుంది. అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు.

జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కడుతున్న కార్మికుడికి ఇది దగ్గర్లోనే దొరకాలి. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్న జిల్లా ఇది. ఈ సూదులూ అక్కడ తయారుకావాలి.