చేతి వాపును తేలికగా తీసుకోరాదు

బియ్యపు మిల్లులు, ఇనుప కర్మాగారాలు గల రాయ్‌పూర్ నగరంలో ఎందరికో చేతుల బలమే జీవనాధారం. బస్తాలెత్తే శ్రామికునికి భుజం నొప్పి కొత్త కాదు. అందుచేత ఒకనాడు చేయి బరువెక్కి వాస్తే, నరం పట్టిందని భావించి నూనెతో మర్దన చేయించుకోవడం సహజం. కాని ఆ వాపునకు కారణం చేతి లోపలి సిరలో గడ్డకట్టిన రక్తమైతే, మర్దన వల్ల మేలు కలగకపోగా, గడ్డ ముక్క విడివడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది.

ఇటువంటి గడ్డలు సాధారణంగా కాళ్లలో ఏర్పడతాయి. చేతులలో ఏర్పడేవి నూటికి 4 నుంచి 10 వరకు మాత్రమే. లండన్‌లో జేమ్స్ పేజెట్ 1875లోను, వియన్నాలో ష్రోటర్ 1884లోను ఈ వ్యాధిని వర్ణించారు. చేతి నుంచి రక్తాన్ని గుండె వైపు తీసుకువెళ్లే పెద్ద సిర, మెడ కింది జత్రుకకు, మొదటి పక్కటెముకకు నడుమనున్న ఇరుకు సందులో నుంచి సాగుతుంది. చేయి పదేపదే పైకెత్తి శ్రమించేవారిలో అది అక్కడ నలిగి, లోపొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టవచ్చు. ఆరోగ్యవంతులైన యువకులకు, ఈతగాళ్లకు, బంతి విసిరే ఆటగాళ్లకు సైతం ఈ వ్యాధి రావడానికి ఇదే కారణం.

అయితే ఎక్కువమందిలో మూలకారణం వేరు. మందులెక్కించడానికో, డయాలిసిస్‌కో పెద్ద సిరలో అమర్చిన గొట్టం, పేస్‌మేకర్ తీగ, క్యాన్సర్ వ్యాధి ముఖ్యమైనవి. ఛత్తీస్‌గఢ్‌లో విస్తారంగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి కూడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

ఒకే చేయి హఠాత్తుగా వాచడం, నీలిరంగు తిరగడం, భుజం మీద, ఛాతీ మీద సిరలు ఉబ్బి కనిపించడం దీని ముఖ్య లక్షణాలు. సూది అవసరం లేని డాప్లర్ పరీక్షతో చాలావరకు నిర్ధారణ అవుతుంది. చికిత్సలో మొదటిది హెపారిన్ వంటి మందు. ఇది గడ్డను కరిగించదు, పెరగకుండా అడ్డుకొంటుంది. కరిగించే పని శరీరమే నెమ్మదిగా చేసుకొంటుంది. తరువాత వార్ఫరిన్ గాని, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలు గాని కనీసం మూడు నెలలు వాడవలసి ఉంటుంది. వాపు తగ్గిందని మధ్యలో మానరాదు.

తీవ్రమైన వ్యాధికి గురైన కొందరిలో, రక్తస్రావ భయం లేనప్పుడు, సన్నని గొట్టం ద్వారా గడ్డను కరిగించే మందును నేరుగా అక్కడికే పంపుతారు. లక్షణాలు కనిపించిన 14 రోజులలోపు చేస్తేనే దీనివల్ల ఎక్కువ ప్రయోజనం. శ్రమవల్ల సిర నలిగిన వారిలో కొందరికి మొదటి పక్కటెముకను తొలగించి దారి విశాలం చేస్తారు.

వార్ఫరిన్ వాడేవారు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. ఆకుకూరలలోని విటమిన్ ‘కె’ ఆ మందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. రకరకాల ‘భాజీ’లకు పేరుపొందిన ఛత్తీస్‌గఢ్‌లో వాటిని మానమనడం కష్టం, మాననవసరం లేదు కూడ. రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటూ, వైద్యుడు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకొంటే చాలు. నొప్పి మాత్రలు మాత్రం వైద్యుని అడగకుండా మింగరాదు.

రాయ్‌పూర్‌లో 1963లో వైద్య కళాశాల, 2012లో ఎయిమ్స్ ప్రారంభమయ్యాయి. రోగి అక్కడికి ఎన్నడు చేరుకొంటాడన్నదే ముఖ్యం. మర్దనతో, పట్టీలతో రెండు వారాలు గడిపితే, గడ్డను కరిగించే అదను దాటిపోతుంది. ఆ చేయి ఏళ్ల తరబడి బరువుగా, వాపుతో మిగిలిపోవచ్చు. ఇక ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం పడినా ఒక్క గంట కూడ ఆగరాదు.