చెరువు మనది, స్టేడియం ఎవరిది?

మన ఇళ్ళలో పిల్లల సంగతి గమనించారా? ఒకప్పుడు బ్యాటు, బంతి తప్ప మరొకటి అడగని వాళ్ళు ఇప్పుడు బెంగుళూరు ఎఫ్‌సి నీలిరంగు జెర్సీ కావాలంటున్నారు. అర్ధరాత్రి దాకా మేలుకుని ఇంగ్లండు క్లబ్బుల ఆట చూసేవాళ్ళు కొందరైతే, కంఠీరవ స్టేడియానికి వెళ్ళి గొంతు పోయేదాకా అరిచి వచ్చేవాళ్ళు మరికొందరు. సంతోషమే. ఆ పిల్లలే ఇంటికి వచ్చి, "ఇంత పెద్ద ఊళ్ళో ఫుట్‌బాల్‌కి మాత్రమే అని ఒక మంచి స్టేడియం ఎందుకు లేదు? ప్రభుత్వం కట్టించవచ్చు కదా?" అని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ముప్పై ఏళ్ళుగా అప్పు దరఖాస్తులు చూస్తున్న నాబోటి వాడికి దాని వెనకే మరో రెండు ప్రశ్నలు తోస్తాయి. డబ్బు ఎవరిది? రాబడి ఎవరికి?

ముందు నేల సంగతి చూద్దాం. కంఠీరవ స్టేడియం ఉన్న చోట ఒకప్పుడు సంపంగి చెరువు ఉండేది. ఆ చెరువులో మిగిలిన చిన్న కుంటకు ఇప్పటికీ కరగ ఉత్సవం రోజుల్లో పూజ జరుగుతుంది. అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియం శూలె చెరువు మీద వెలిసింది. హాకీ స్టేడియం అక్కితిమ్మనహళ్ళి చెరువులో ఉంది. (మెజెస్టిక్ బస్టాండు కూడా ధర్మాంబుధి చెరువేనని ఇక్కడి పాత కాపురస్తులకు నేను చెప్పనక్కరలేదు.) అంటే, స్టేడియానికి ప్రజల సొమ్ము ఇవ్వాలా వద్దా అన్న వాదన మొదలు కాకముందే ప్రజలు తమ వాటా చెల్లించేశారన్నమాట. నగరం నడిబొడ్డున ఉన్న ఆ ఎకరాలకు ఈనాటి ధర కట్టి ఖర్చు పద్దులో చూపించిన వాళ్ళు నాకు కనిపించలేదు. లెక్కలో రాయనిది ఖర్చు కాకుండా పోదు. వానాకాలంలో వీధులు మునిగినప్పుడు ఆ చెరువుల ఖరీదు ఎంతో మనకే తెలుస్తుంది.

కంఠీరవ అన్న పేరు 17వ శతాబ్దంలో మైసూరు నేలిన కంఠీరవ నరసరాజ ఒడెయరుది. మల్లయుద్ధంలో మేటి అని ఆయనకు ప్రసిద్ధి. ఇప్పుడు మనం చూస్తున్న స్టేడియం 1997 జాతీయ క్రీడల నాటిది. చుట్టూ పరుగు పందాల ట్రాకు, మధ్యన పచ్చిక, దాదాపు పాతిక వేల మంది కూర్చునే గ్యాలరీలు. ప్రజాధనంతో ముఖ్యంగా అథ్లెటిక్స్ కోసం కట్టినది.

2013లో జె.ఎస్.డబ్ల్యు. సంస్థ బెంగుళూరు ఎఫ్‌సిని నెలకొల్పింది. మొదటి సీజను అశోక్‌నగర్‌లో ఆడి, ఆ ఏడే ఐ-లీగ్ గెలిచి, 2014లో కంఠీరవకు మారింది. 2016లో ఎ.ఎఫ్.సి. కప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్బు అదే. 2018-19లో ఇండియన్ సూపర్ లీగ్ కూడా గెలిచింది. ఆ విజయాలన్నిటిలో ముందున్న సునీల్ ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాదులో. మనవాడనడానికి అదొక్కటే ఆధారం, అయినా చెప్పుకోకుండా ఉండలేం కదా!

పేచీ అక్కడే మొదలైంది. ఫుట్‌బాల్ పచ్చికను అరచేతిలో పెట్టుకుని కాపాడాలి. జావెలిన్, హ్యామరు, డిస్కస్ విసిరేవాళ్ళకు అదే పచ్చిక సాధన స్థలం. ఇనుప గుండు పడ్డ చోట గుంట పడుతుంది, ఆ గుంటలో మరునాడు ఫుట్‌బాల్ ఆటగాడి చీలమండ మడత పడుతుంది. ఇద్దరి బాధా నిజమే. అయితే అద్దె కట్టే కంపెనీ ఒకవైపు, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే పద్నాలుగేళ్ళ పిల్ల ఇంకొకవైపు ఉన్నప్పుడు గేటు ఎవరికి ముందు తెరుచుకుంటుందో ఊహించడం కష్టం కాదు. అథ్లెట్లు, శిక్షకులు హైకోర్టు దాకా వెళ్ళారు. 2019లో ఒక దశలో క్లబ్బు తన సొంత ఊరి మ్యాచ్‌లను పుణె బాలేవాడిలో ఆడవలసి వస్తుందన్న పరిస్థితి కూడా వచ్చి, చివరికి కంఠీరవలోనే ఆడింది.

ఈ గొడవలన్నీ ఎందుకు, ఫుట్‌బాల్‌కు వేరే స్టేడియం కడితే సరిపోదా అంటారు. సరే, ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి నేను ఊరికే అనుకున్న అంకెలు సుమా, ఏ ప్రాజెక్టు రిపోర్టులోవీ కావు. నేల ఉచితమనుకుని, కట్టడానికి 300 కోట్లు అప్పు తెచ్చామనుకుందాం. వడ్డీ 8 శాతం చొప్పున ఏడాదికి 24 కోట్లు. 2024-25 సీజనులో లీగ్ దశలో ఒక్కొక్క క్లబ్బు సొంత మైదానంలో ఆడినవి 12 మ్యాచ్‌లు. అంటే మ్యాచ్‌కు 2 కోట్లు. ప్రతిసారీ 20 వేల మంది వచ్చారనే అనుకుందాం. ఒక్కొక్కరి మీద వెయ్యి రూపాయలు పడుతుంది. ఇది వడ్డీ మాత్రమే. అసలు, పచ్చిక పోషణ, కరెంటు, కాపలా, ఆటగాళ్ళ జీతాలు ఇంకా లెక్కలోకి రాలేదు. నాలుగైదు వందలకు టికెట్టు కొని పిల్లలతో వెళ్ళే కుటుంబం దీన్ని భరించలేదు. క్లబ్బు కూడా భరించలేదు. అందుకే భారం ఎక్కడికి జారుతుందో తెలుసుగా?

స్టేడియం వస్తే చుట్టుపక్కల హోటళ్ళు, ఆటోలు, అంగళ్ళు బాగుపడతాయని ఒక వాదన ఉంది. అమెరికాలో దీని మీద ఆర్థికశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశోధనలు చేశారు. పెట్టిన ప్రజాధనానికి తగిన లాభం ఊరికి రాదన్నదే వారిలో ఎక్కువమంది తేల్చిన మాట. కారణం మన ఇంటి ఖర్చులోనే కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రానికి మనం అట్టే పెట్టుకున్న డబ్బు ఒక్కటే. అది స్టేడియంలో ఖర్చయితే సినిమాకో ఎం.జి. రోడ్డు హోటలుకో వెళ్ళదు. ఊళ్ళో డబ్బు చేతులు మారిందే గాని పెరగలేదు.

అక్కడి సెయింట్ లూయిస్ కథ మా బ్యాంకు వాళ్ళు గోడకు తగిలించుకోవలసినది. (అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అనుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు వేరే చెప్పక్కరలేదు.) 1995లో ప్రజల అప్పుతో కట్టిన డోమ్ చూపించి లాస్ ఏంజెలెస్ నుంచి రామ్స్ జట్టును రప్పించుకున్నారు. 2016లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని తిరిగి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. వాయిదాలు మాత్రం ఊరివాళ్ళు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు కట్టుకున్నారు.

మన కంఠీరవకు దగ్గరి పోలిక లండనులో ఉంది. 2012 ఒలింపిక్స్‌కు కట్టిన స్టేడియాన్ని ట్రాకు ఉంచుతూనే ఫుట్‌బాల్‌కు పనికొచ్చేలా మార్చి, వెస్ట్ హామ్ క్లబ్బుకు 99 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. 2016లో క్లబ్బు అందులో చేరింది. మార్చడానికి అయిన ఖర్చు 32 కోట్ల పౌండ్లు దాటింది. క్లబ్బు ఇచ్చింది ఒకటిన్నర కోట్లు, ఏటా అద్దె సుమారు 25 లక్షలు. ట్రాకు కోసం కుర్చీల వరుసలను వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకు తెచ్చే ఖర్చే అనుకున్నదానికి ఎన్నో రెట్లయి నెత్తిన కూర్చుంది. మేయరు సాదిక్ ఖాన్ వేయించిన విచారణ 2017లో ఇవన్నీ బయటపెట్టింది. అదే ఊళ్ళో ఆర్సెనల్ క్లబ్బు 2006లో దాదాపు 39 కోట్ల పౌండ్లతో తన స్టేడియం తానే కట్టుకుంది, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి, ఏళ్ళ తరబడి టికెట్ల డబ్బుతో తీర్చుకుంటూ. నన్నడిగితే క్లబ్బంటే అదీ!

మన దేశంలో క్లబ్బులకు అంత శక్తి లేదు, నిజమే. అందుకే మరింత జాగ్రత్త అవసరం. 2025 ఆగస్టులో, లీగ్ భవిష్యత్తే తేలక, బెంగుళూరు ఎఫ్‌సి తన ప్రధాన జట్టు ఆటగాళ్ళ, సిబ్బంది జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. వెనక అంత పెద్ద సంస్థ ఉన్న క్లబ్బు మాట అది. ఆటగాళ్ళ జీతాలే ఆగిన ఏడు స్టేడియం అద్దె ఎవరు కడతారు?

హైదరాబాదు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల సందర్భంగా ప్రభుత్వం కట్టినది. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలూ ఆ నగరంలోనే జరిగాయి. 2019లో పుట్టిన హైదరాబాదు ఎఫ్‌సి అక్కడ మకాం పెట్టి, 2021-22లో దేశానికే ఛాంపియన్ అయింది. మూడేళ్ళు తిరిగేసరికి ఆర్థిక ఇబ్బందుల్లో పడి, చేతులు మారి, 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. స్టేడియం ఎక్కడికి పోతుంది? అది గచ్చిబౌలిలోనే ఉంది. నష్టం అంతటితో ఆగినందుకు కారణం ఒక్కటే, ఆ స్టేడియం క్లబ్బు కోసం కట్టినది కాదు.

ఇదంతా చదివి నేను ఫుట్‌బాల్‌కు వ్యతిరేకినని అనుకోకండి. ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాడెవడూ అలా ఉండలేడు. 1937లోనూ, 1938లోనూ బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ తెచ్చినది బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు. 1948 లండను ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద స్వతంత్ర భారతానికి తొలి గోలు కొట్టిన సారంగపాణి రామన్ బెంగుళూరు వాడు. మన వైపు చూస్తే, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ హైదరాబాదు పోలీసులది. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఏషియన్ క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది.

వీళ్ళలో ఎవరినీ కాంక్రీటు తయారు చెయ్యలేదు. ఆస్టిన్ టౌన్‌లో, పెలె విగ్రహం నిలబెట్టుకున్న గౌతమపురలో, మట్టి నేల మీద ఆడి పైకి వచ్చినవాళ్ళు ఎందరో. ఆ రోజుల్లోనూ ప్రజల సొమ్ము ఆటకు అందింది, కాని ఉద్యోగ రూపంలో. పోలీసు శాఖ, హెచ్.ఎ.ఎల్., ఐ.టి.ఐ., బ్యాంకులు క్రీడాకారులకు కొలువిచ్చాయి. ఉదయం సాధన, మధ్యాహ్నం ఆఫీసు, మోకాలు దెబ్బ తిన్నా నెలాఖరుకు జీతం, రిటైరయ్యాక పింఛను. ఈ కాలం కుర్రాడికి క్లబ్బు ఎక్కువే ఇస్తుంది గాని, ఇచ్చినంతకాలమే ఇస్తుంది. పెద్ద స్టేడియానికి పెట్టే డబ్బులో పదో వంతుతో పేటల్లోని మైదానాలకు దీపాలు, నీళ్ళు, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది, ఒక కోచ్ జీతం సమకూర్చితే రామన్ లాంటివాడు మళ్ళీ ఎందుకు పుట్టడు?

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయిన ఘోరం మనకు తెలిసిందే. ఆ తర్వాత, ఆగస్టులో, బొమ్మసంద్ర దగ్గర సూర్యనగర్‌లో 80 వేల మంది పట్టే క్రికెట్ స్టేడియంతో కూడిన క్రీడా సముదాయానికి కర్ణాటక ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. అంచనా 1,650 కోట్లు. ఖర్చు హౌసింగ్ బోర్డు భరిస్తుందన్నారు. బోర్డు కూడా ప్రభుత్వానిదే అయినప్పుడు, ఆ డబ్బు ఎవరిదని అడిగే హక్కు మనకు ఉంది. అక్కడ క్రికెట్, రేపు మరోచోట ఫుట్‌బాల్. ఆట మారినా లెక్క మారదు.

ఒక చిన్న దుకాణదారు అయిదు లక్షల అప్పు కోసం వస్తే మేము మూడేళ్ళ లెక్కలు, హామీదారు, తనఖా, బీమా అన్నీ అడుగుతాం. వందల కోట్ల స్టేడియాన్ని వాడుకోబోయే క్లబ్బును కనీసం నాలుగు మాటలు అడగవద్దా? ఎన్నేళ్ళు ఉంటారు? మధ్యలో వెళ్ళిపోతే ఎంత చెల్లిస్తారు? టికెట్ల మీద, ప్రకటనల మీద వచ్చేదానిలో ప్రజల వాటా ఎంత? మ్యాచ్ లేని మూడు వందల యాభై రోజులు గేటు ఎవరికి తెరిచి ఉంటుంది? కొత్తది కట్టేముందు ఉన్న కంఠీరవతోనే ఇది మొదలుపెట్టవచ్చు. ఏ రోజు, ఏ గంట, ఎవరికి, ఎంత అద్దెకు ఇచ్చారో నెలనెలా గేటు పక్కన బోర్డు మీద కన్నడంలో రాసి పెడితే చాలు. మన వాళ్ళలో చాలామందికి కన్నడం చదవడం వచ్చు, రానివాళ్ళకు పిల్లలు చదివి చెబుతారు.