యాదాద్రి పవర్ విచారణ: జడ్జిని సుప్రీంకోర్టు ఎందుకు మార్చమంది?

చివ్వెంల మండలం ఓటేసేది సూర్యాపేట సీటుకే. అక్కడి ఎమ్మెల్యే జగదీశ్‌రెడ్డి కేసీఆర్ సర్కార్‌లో కరెంటు మంత్రి. అందుకే ఈ గొడవ ఇక్కడోళ్లకు పక్కింటి ముచ్చటే.

2023 డిసెంబర్‌లో అసెంబ్లీలో కరెంటుపై శ్వేతపత్రం పెడితే, విచారణ చేయించుకోండని సవాల్ విసిరింది జగదీశ్‌రెడ్డే. సీఎం రేవంత్‌రెడ్డి సై అన్నారు. 2024 మార్చిలో జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి కమిషన్ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు, భద్రాద్రి ప్లాంట్, మిర్యాలగూడ పక్కన దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంట్.. ఈ మూడింటిపైనే విచారణ.

అది నడుస్తుండగానే జస్టిస్ నరసింహారెడ్డి ప్రెస్‌మీట్ పెట్టి తన అభిప్రాయాలు చెప్పేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది. కేసీఆర్‌కు హైకోర్టులో ఊరట దొరకలేదు గానీ, జులై 16న సుప్రీంకోర్టు జడ్జిని మార్చాలంది. ఆయన తప్పుకున్నారు, జస్టిస్ మదన్ బి.లోకూర్ వచ్చారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. కోర్టు విచారణను ఆపలేదు, ఎవరికీ క్లీన్‌చిట్ ఇవ్వలేదు. ప్రశ్న జడ్జి మాటల మీదే, ఫైళ్ల మీద కాదు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. ట్రంప్ ప్రచారం, రష్యా లింకులపై దర్యాప్తులో ఎఫ్‌బీఐ అధికారి పీటర్ స్ట్రాక్‌ను ట్రంప్ వ్యతిరేక మెసేజ్‌ల వల్ల 2017లో తప్పించారు. వాటిని చూపించి రిపబ్లికన్లు దర్యాప్తు మొత్తం కుట్రే అన్నారు. దర్యాప్తు మాత్రం 2019 దాకా నడిచింది.