అందరికీ కృతఘ్నతలు!

సన్మాన సభల ఫ్లెక్సీల మీద, వాట్సాప్ సందేశాల్లో అప్పుడప్పుడూ ఈ ముక్క కనబడుతుంది: 'విచ్చేసిన పెద్దలందరికీ కృతఘ్నతలు'. రాసినవారి మనసు మంచిదే. అర్థం మాత్రం, మీరు చేసిన మేలును మట్టిలో కలిపేశాం అని!

అపోహ: కృతజ్ఞత, కృతఘ్నత ఒకటే. ఎలా రాసినా ఫరవాలేదు.

వాస్తవం: తప్పు సగం మన నాలుకది. 'జ్ఞ'ను మనలో చాలామంది 'గ్న' అంటాం. యజ్ఞం మన నోట యగ్నం, జ్ఞానం గ్నానం. అలా పలికాక రెండు మాటలకూ మధ్య మిగిలేది 'ఘ'లోని ఒత్తు ఒక్కటే. మాటల వేగంలో అదీ జారిపోతుంది. చెవికి అందని తేడా చేతికి ఎలా అందుతుంది?

అపోహ: కృతఘ్నుడంటే మేలు మరిచినవాడు, అంతే.

వాస్తవం: వాడుకలో ఆ అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఈ మాట పుట్టుకలో ఉన్నది మరుపు కాదు, హత్య. 'ఘ్న'కు మూలం చంపడమనే అర్థమున్న 'హన్' ధాతువు. శత్రువును చంపేవాడు శత్రుఘ్నుడు. ఆయుర్వేదంలో క్రిముల్ని చంపే మందు క్రిమిఘ్నం. మన పనులకు అడ్డుపడే విఘ్నమూ ఆ కుటుంబానిదే. కృతం అంటే చేసినది. దాన్ని చంపేవాడు కృతఘ్నుడు. మేలు గుర్తించనివాడికి 'అకృతజ్ఞుడు' అనే మెత్తని మాట వేరే ఉంది. పాపం, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

వాల్మీకి పట్టించుకున్నాడు. కిష్కింధకాండలో, రాజ్యం దక్కాక సీతను వెతికించే మాట పక్కనబెట్టి భోగాల్లో మునిగిన సుగ్రీవుడి మీద లక్ష్మణుడు విరుచుకుపడతాడు. తాగుబోతుకూ దొంగకూ వ్రతం తప్పినవాడికీ ప్రాయశ్చిత్తం ఉంది గానీ కృతఘ్నుడికి లేదంటాడు. తార అడ్డుపడుతుంది. సుగ్రీవుడు అకృతజ్ఞుడు కాడు అంటుంది. అంటే, పెద్ద నేరం మాట అటుంచి, చిన్నదీ చేయలేదని!

అపోహ: థాంక్స్ చెప్పకపోతే కృతఘ్నతే.

వాస్తవం: అన్నం పెట్టిన అమ్మకు 'ధన్యవాదాలు' అని చూడండి, ఒంట్లో బాగుందా అని నుదురు తడుముతుంది. 'మీ ఉప్పు తిన్నాను', 'నీ రుణం తీరేది కాదు', 'చల్లగా ఉండు నాయనా'... మన కృతజ్ఞత దారులు ఇవి. కృతఘ్నుడికీ తెలుగులో సొంత పేరుంది: తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు. ఇందులోనూ మరుపు లేదు. కడుపునిండా తిని, వెల్లకిలా పడుకుని, కప్పు వంక చూస్తూ ఆ ఇంటికే ఎసరు పెట్టడం ఉంది.