రిటైరైనవారి లెక్కలో కరెంటు కారు

విశాఖపట్నం: ఇక్కడి రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో ముప్పయ్యేళ్లు పనిచేసి బయటకు వచ్చేవారి చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తం వస్తుంది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ కలిపి అంత డబ్బు అంతకుముందు కళ్లజూసి ఉండరు. ఒకప్పుడు ఇది కూతురి పెళ్లికి, గాజువాకలో ఇంటి స్థలానికి, ఊళ్లో ఎకరం పొలానికి పోయేది. ఇప్పుడు ఆ వరుసలో కారు కూడా చేరింది. అందులోనూ కరెంటు కారు మీద పడుతున్నది మనసు.

ఈ కారు మన దేశానికి మరీ కొత్తదేమీ కాదు. బెంగుళూరులో తయారైన రేవా 2001లోనే అమ్మకానికి వచ్చింది. జనం వింతగా చూశారే తప్ప కొన్నవారు తక్కువ. 2019 ఆగస్టులో కేంద్రం విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. 2020లో టాటా వారి నెక్సాన్, 2022లో అంతకంటే చిన్నదైన టియాగో కరెంటు బండ్లుగా వచ్చాక మధ్యతరగతివారు ధరలు వాకబు చేయడం మొదలైంది.

ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేశాక కొందరు కూర్మన్నపాలెం వైపు ఫ్లాటు కొనుక్కుంటారు. మరికొందరు విజయనగరం, శ్రీకాకుళం వైపు సొంతూళ్లకు పోతారు. విచిత్రమేమంటే ఈ కారు పట్నంవాసి కంటే పల్లెవాసికే బాగా కుదురుతుంది. నాలుగో అంతస్తులో ఉన్నవారు కింద పార్కింగులో ప్లగ్గు పెట్టించుకోవాలంటే పదిమందినీ బతిమాలుకోవాలి. ఊళ్లో అయితే వాకిలీ మనదే, మీటరూ మనదే. రాత్రి తగిలించి పడుకోవచ్చు. గేరు లేదు, క్లచ్చి లేదు, ఇంజనాయిలు మార్చే పని లేదు. షిఫ్టు డ్యూటీల్లో మోకాళ్లు అరిగినవారికి ఇది చిన్న సుఖం కాదు.

ఇక డబ్బు సంగతి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు కిలోమీటరుకు 7 రూపాయలు అనుకుందాం. కరెంటు కారు యూనిట్టుకు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. వాడకం పెరిగి పై స్లాబులో పడి యూనిట్టుకు 10 రూపాయలైనా, కిలోమీటరుకు రూపాయిన్నరే. అంటే 5 రూపాయల 50 పైసలు మిగులు. వినడానికి బాగానే ఉన్నది. కానీ రిటైరైన మనిషి తిరిగేదెంత? ఆసుపత్రికి, కూతురి ఊరికి, ఒక పెళ్లికి కలిపి నెలకు 300 కిలోమీటర్లు. ఏడాదికి మిగిలేది 20 వేల లోపే. పెట్రోలు బండి కంటే 2 లక్షలు ఎక్కువ పెట్టి కొంటే అది తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. ఆ 2 లక్షలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ సరేసరి. బ్యాటరీకి సాధారణంగా ఇచ్చే పూచీ ఎనిమిదేళ్లు. అరవయ్యో ఏట కొన్నవారికి అరవై ఎనిమిదికి అది తీరిపోతుంది. రోజూ వంద కిలోమీటర్లు తిప్పే టాక్సీవారికి ఇందులో లాభం ఉన్నది. పెన్షను మీద బతికేవారికి సుఖమే తప్ప ఆదా లేదు.

పొగ లేదనే మాట మన ఇంటి ముందు వరకే నిజం. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చే కరెంటు ఇస్తున్నది. ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

తుపానులో కరెంటు పోతే ఎలా అని అడిగేవారున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పెట్రోలు బంకుల ముందు కూడా బారులు తీరవలసివచ్చింది కనుక ఇందులో రెండూ రెండే.

కొనాలనే నిర్ణయించుకున్నవారు బయానా ఇవ్వక ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తు, పాత వైరింగు చూపించుకోవాలి. రాత్రిపూట వోల్టేజి ఎంత వస్తున్నదో వారం రోజులు గమనించాలి. కారు కంపెనీవారు చెప్పే కిలోమీటర్లలో మూడో వంతు తీసేసి, విశాఖ వెళ్లి తిరిగి ఇల్లు చేరగలమా లేదా లెక్క చూసుకోవాలి.