పరీక్షకుల కన్నులకు మితి

ఎద్దు ఎంత బరువు లాగఁగలదో యెఱిఁగినవాఁడే కాఁపు. అరక నెంతసేపు దోలవచ్చునో, ఏ వేళకుఁ గాడి విప్పవలెనో మన రైతులకు వేఱొకరు చెప్ప నక్కఱలేదు. మనుష్యుని కంటికిని కాడి విప్పు వేళ యొకటి గలదను సంగతిని మాత్రము నాగరిక దేశములు సైతము మిక్కిలి నష్టపడిన పిమ్మటఁగాని గ్రహింపలేదు.

స్త్రీల గర్భాశయ ముఖమునఁ బుట్టు క్యాన్సరును ముందుగనే పసికట్టు పరీక్షను గూర్చి డాక్టరు పాపనికొలావు, డాక్టరు ట్రాటు 1943 లో గ్రంథము వెలువరించిరి. గాజుపలకపైఁ బూసిన వేలకొలది కణములలో వికృతమైనవానిని సూక్ష్మదర్శినితో వెదకి పట్టుట యిందలి పని. పట్టువడినచో చికిత్సకు వ్యవధి యుండును. పట్టువడనిచో రోగిణి "దోషము లేదు" అను చీటితో నింటికిఁ బోవును. వ్యాధి ముదిరిన పిమ్మట మరల వచ్చును.

అమెరికాలోఁ గొన్ని పరీక్షాలయములు పలక కింత యని కూలి కట్టి మితిలేని పని చేయించుచున్నవనియు, అలసిన కన్నులు దోషములను జాఱవిడుచుచున్నవనియు, అందుచే స్త్రీలు మరణించిరనియు 1987 లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక వెల్లడించెను. ఆ వ్యాసములు వ్రాసిన వాల్ట్ బొగ్డానిచ్‌నకు 1988 లో పులిట్జరు బహుమతి లభించెను. ఆ సంవత్సరమే కాంగ్రెసు శాసనము చేసెను. తదనుసారముగ 1992 లోఁ బ్రకటితమైన నిబంధనల చొప్పున నొక పరీక్షకుఁడు 24 గంటలలో 100 పలకలకు మించి చూడరాదు. ఆ నూఱింటిని ఎనిమిది గంటలకుఁ దక్కువ కాలమున ముగింపరాదు. ఎన్ని చోట్లఁ బనిచేసినను లెక్క యొక్కటియే. ఆఱు నెలల కొకసారి యెవరి శక్తిని బట్టి వారి మితిని నిర్ణయింపవలెను.

ఎనిమిది గంటలకు నిమిషములు 480. పలకకు అయిదు నిమిషములైనఁ దక్కవు! ఈ హద్దునే యజమానులు దినపు వంతుగాఁ జేసికొన్నచో రక్షించవలసిన శాసనమే కొరడా యగును.

మన దేశమున క్షయరోగ పరీక్షయు నిట్టిదే. కఫములో సూక్ష్మజీవులు లేవని వ్రాయుటకు ముందు సాధారణ సూక్ష్మదర్శినితో నూఱు క్షేత్రములు చూడవలెనని నియమము గలదు. వాకిట రోగులు బారులు దీరియుండ, ఒక్కని ముందు పలకలు కుప్పవడినచో ఆ నూఱు ఇరువది యగుట కెంతసేపు? చీటిపై "లేవు" అనియే యుండును. అందులకు దోషి యెవరు? అలసిన పరీక్షకుఁడా, కుప్పవోసిన యధికారియా?

ప్రతి పరీక్షాలయమును ఒక్కొక్కరు దినమున కెన్ని పలకలు, ఎన్ని గంటలు చూచిరో లెక్క వ్రాసి చూపవలెననియు, మితి దాటిన పనికి మఱియొకరిని నియమింపవలెననియు మా దృఢాభిప్రాయము. అధిక జీతపు వ్యయమునకు వెనుదీయువారు, తప్పిపోయిన యొక్క దోషమునకు నొక కుటుంబము చెల్లించు వెలను దలంతురు గాక!